కొబ్బరికాయ నిలబడ్డ చోటు

లాంచీ దిగుతున్న నాన్నని చూడగానే శ్రీదుర్గకి ప్రాణం లేచొచ్చింది. ఆయన వెనకాలే గోనెసంచి భుజాన వేసుకుని దిగుతున్న త్రిమూర్తుల్ని చూడగానే లేచొచ్చిన ప్రాణం కాస్తా ఉసూరుమంది.

త్రిమూర్తులు ఎక్కడికైనా వచ్చాడంటే ఏ పని మీద వచ్చాడో తణుకు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవర్నీ అడగనక్కర్లేదు. కొబ్బరికాయని అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలంలో నడుస్తాడు. నేలలో నీళ్ళున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. అక్కడ బోరు వేయిస్తారు. నీళ్ళు పడితే త్రిమూర్తుల గొప్ప, పడకపోతే బోరు వేసినవాడి తప్పు. శ్రీదుర్గ తండ్రి చంద్రరావుకి మెట్టలో ఉన్న నిమ్మతోటకి బోర్లు వరసగా ఎండిపోయి తోట మాడిపోతున్నప్పుడు త్రిమూర్తుల కాయే లేచి నిలబడి కాపాడింది. అప్పట్నుంచీ చంద్రరావుకి దేవుడి తర్వాత త్రిమూర్తులే.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని తన క్యాంపుకే వచ్చాడు నాన్న. ఎందుకొచ్చాడో శ్రీదుర్గకి అర్థమైపోయింది.

ఆ క్యాంపు పోలవరం దాటి గోదారి ఎదురెక్కి పోతే, పాపికొండల్లో, తేనెలపాడు అనే నాలుగిళ్ళ ఊరికి పైన ఉంది. రోడ్డు లేదు, కరెంటు లేదు, ఫోను లేదు. పట్టిసీమ నుంచి పొద్దున్నే వచ్చే లాంచీ పైఊళ్ళకి పోయి మధ్యాహ్నం తిరిగొస్తుంది, అదే లోకానికీ క్యాంపుకీ మధ్య ఉన్న దారి. ఆ ఊరి వెనక కొండ మీద రాళ్ళకి పచ్చటి మచ్చలున్నాయి. రాయిలో రాగి ఉంటే వానకీ గాలికీ అలా చిలుము పడుతుంది, తోమని ఇత్తడి బిందెకి పట్టినట్టే. అయితే పైన చిలుమున్నంత మాత్రాన లోపల రాగి గని ఉందని కాదు. ఉందో లేదో తేలాలంటే కొండకి బోరు వేసి చూడాలి. కొండల్లో ఖనిజాలు వెతుక్కోమని ప్రైవేటు వాళ్ళకి కూడా గేట్లు తెరిచిన కొత్తల్లో, తొంభయ్యెనిమిది ప్రాంతంలో, హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ పని మీద దిగింది. డ్రిల్లు మిషన్ని, బళ్ళని రేవు దాటించే పంటు మీద వేసుకుని పోలవరం నుంచి తెచ్చారు. అది కొండలోకి దిగి రాతిని గుండ్రటి కడ్డీలుగా, చెరుకుగడల్లా, కోసి పైకి తెస్తుంది. ఆ కడ్డీల్ని పెట్టెల్లో పేర్చుకుని, కడిగి, భూతద్దం పెట్టి చూసి, లోపల ఏముందో చెప్పాలి. అది శ్రీదుర్గ పని.

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జియాలజీ చేసి వచ్చిన మొదటి ఉద్యోగం. క్యాంపులో ఆడపిల్ల తనొక్కతే. అడవిలోకి ఆడపిల్లని పంపడం ఏంటని హైదరాబాదు ఆఫీసులో కొందరు అన్నారట. పంపాల్సిందేనని పట్టుబట్టింది క్యాంపు పెద్ద ఉదయభాస్కర్ గారు. ఆయన పెద్దగా మాట్లాడరు, మాట్లాడితే మెత్తగా మాట్లాడతారు. మొదటి బోరు ఆయన చెప్పిన చోటే వేశారు, ఏమీ లేదు. రెండోది కొండకి ఆ పక్కన వేశారు, అక్కడా లేదు. మూడోది ఎక్కడ వెయ్యాలో శ్రీదుర్గని చెప్పమన్నారు.

శ్రీదుర్గ ఆ కొండంతా కాళ్ళరిగేలా తిరిగి, రాతిపొరలు ఎటు వాలి ఉన్నాయో కొలిచి, మ్యాపు గీసింది. పొరలు కొండ లోపలికి వాలి ఉన్నాయి. కాబట్టి పైన చిలుము ఎక్కడ కనపడుతోందో అక్కడ తవ్వితే దొరకదు, ఎగువకి పోయి అక్కణ్ణించి కిందికి బోరు దించితే లోపల తగలాలి. ఇదీ ఆమె లెక్క. ఎగువన ఆ చోట ఎర్రరంగు పూసిన గుంజ పాతింది. ఉదయభాస్కర్ గారు మ్యాపు చాలాసేపు చూసి సంతకం పెట్టారు.

"బాగుందమ్మా. ఇది నీ బోరు. పడితే నీ పేరే చెబుతాను."

"పడకపోతే సార్?"

"పడకపోతే క్యాంపు ఎత్తేస్తారు. నీ గురించి నేను ఇంక వాళ్ళతో వాదించలేను," అన్నారాయన. కోపంగా అన్న మాట కాదు. ఉన్నమాటే చెప్పారు.

అక్కణ్ణించి శ్రీదుర్గకి తిండి సయించలేదు. సరుకుల కోసం లాంచీలో పోలవరం వెళ్ళినప్పుడు ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసి, ఏం లేదమ్మా అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి సత్యకుమారి ఆ ఏడుపుని ఉన్నదున్నట్టు మొగుడికి చేరవేసింది. దాని ఫలితమే ఇప్పుడు లాంచీ దిగి, ఒక చేత్తో పంచె ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో చక్కెరకేళీ గెల మోసుకుంటూ గట్టెక్కి వస్తోంది.

చంద్రరావు సరాసరి ఉదయభాస్కర్ గారి టెంటు దగ్గరికే నడిచాడు. అరటిగెల ఆయన బల్లమీద, మ్యాపుల మీదే, దించాడు.

"మా తోటలోవండి. మగ్గేసి తెచ్చానండి. మా అమ్మాయి మీ దగ్గరుందన్న ధైర్యంతో ఉన్నామండి. చిన్నప్పట్నుంచీ దానికి రాళ్ళంటే పిచ్చండి. గోదారి పుష్కరాలకి తీసుకెళ్తే అందరూ మునుగుతుంటే ఇది గులకరాళ్ళు ఏరుకుని లంగా ఒళ్ళో పోసుకునొచ్చిందండి. వాళ్ళమ్మ ఒకటిచ్చిందండి."

డ్రిల్లు మిషన్ కుర్రాళ్ళు ఇకిలించారు. శ్రీదుర్గ నేల చూపులు చూసింది. ఇంతలో త్రిమూర్తులు గోనెసంచి విప్పి, పీచు తీసి జుట్టు మాత్రం ఉంచిన కొబ్బరికాయ ఒకటి బయటికి తీసి అరచేతిలో సవరించుకున్నాడు.

"ఏంటండీ ఇది?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"ఆయ్, చూద్దామనండి," అన్నాడు త్రిమూర్తులు. "కొండంతా ఒక్కసారి తిరిగొచ్చేస్తానండి. ఎక్కడుందో కాయే చెప్పేస్తదండి."

"మీ కాయ నీళ్ళు కదండీ చూసేది. మేం వెతికేది రాగి."

"భూమిలో ఏదున్నా చెబుతదండి. నీళ్ళకైతే మెల్లిగా లెగుస్తదండి. రాగికైతే ఇంకాస్త గట్టిగా లెగుస్తదండి."

ఈసారి కుర్రాళ్ళు దాచుకోకుండానే నవ్వారు. డ్రిల్లు మేస్త్రి, "మరి వజ్రాలకైతే ఎగిరిపోద్దేమో!" అన్నాడు. ఉదయభాస్కర్ గారికీ నవ్వొచ్చింది గానీ, పెద్దమనిషి కాబట్టి అరటిపండు ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని నవ్వుని మింగేశారు. అది చూసి శ్రీదుర్గకి తల కొట్టేసినట్టయింది. ఎన్నేళ్ళు చదివింది, ఎన్ని కొండలెక్కింది, మగవాళ్ళ మధ్య మగవాడిలా నిలబడాలని ఎంత జాగ్రత్తగా నడుచుకుంది! అదంతా ఒక్క కొబ్బరికాయతో పోయింది. తండ్రిని చెయ్యి పట్టుకుని వంటపాక వెనక్కి లాక్కుపోయింది.

"నాన్నా, నువ్వు నాకు సాయం చెయ్యడానికొచ్చావా, నా పరువు తియ్యడానికొచ్చావా?"

"అదేంటమ్మా, నువ్వు ఏడ్చావని మీ అమ్మ..."

"ఏడిస్తే? కొబ్బరికాయ పట్టుకొచ్చేస్తావా? ఇక్కడ నన్ను చూసి నవ్వుతున్నారు. రేపు హైదరాబాదులో నవ్వుతారు. పల్లెటూరి మొద్దుని తెచ్చి పెట్టారంటారు. నీకది తెలీదు. నీకు ఏమీ తెలీదు!"

చంద్రరావు మొహం చిన్నబోయింది. ఊళ్ళో కనపడితే పదిమంది లేచి నిలబడే మనిషి. కూతురి ముందు కండువా తీసి మొహం తుడుచుకుంటూ, "సర్లేమ్మా, తప్పైపోయింది. లాంచీ రాగానే వెళ్ళిపోతాం," అన్నాడు. శ్రీదుర్గకి జాలి కలిగింది, కానీ ఆ జాలిని కోపం మీదికి రానివ్వలేదు.

వెళ్ళిపోతాం అన్నవాడు లాంచీ వచ్చేదాకా ఊరికే కూర్చుంటే ఆయన చంద్రరావెందుకవుతాడు? ఉదయభాస్కర్ గారు అదే లాంచీలో హైదరాబాదు మీటింగుకి బయల్దేరాలి. ఆయన సామాను సర్దుకునే హడావుడిలో ఉండగా ఈ ఇద్దరూ మాయమైపోయారు. శ్రీదుర్గ వెతుక్కుంటూ కొండెక్కింది. ఎర్రగుంజకి బాగా దిగువన, తుప్పల మధ్య, త్రిమూర్తులు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. అతని చేతిలో కొబ్బరికాయ నిటారుగా, జుట్టు పైకి పెట్టుకుని, నిలబడి ఉంది. పక్కన చంద్రరావు దణ్ణం పెట్టుకుని ఉన్నాడు.

"చూడమ్మా! మూడుసార్లు నడిచాడు. మూడుసార్లూ ఇక్కడే లేచింది!"

"లాంచీ వస్తోంది, పదండి," అంది శ్రీదుర్గ పళ్ళు బిగించి.

ఉదయభాస్కర్ గారితోపాటు వాళ్ళిద్దరూ లాంచీ ఎక్కారు. రేవులో ఉదయభాస్కర్ గారు, "రేపు మిషన్ని ఎర్రగుంజ దగ్గరికి ఎక్కించండి. నేనొచ్చేసరికి సగమైనా దిగాలి," అని చెప్పి వెళ్ళిపోయారు. చంద్రరావు లాంచీలోంచి చెయ్యి ఊపాడు. శ్రీదుర్గ ఊపలేదు.

మర్నాడు తెల్లారగానే, మేస్త్రి వాళ్ళింకా పళ్ళు తోముకుంటుండగా, శ్రీదుర్గ ఒక్కతే కొండెక్కింది. ఎర్రగుంజ దగ్గర నిలబడి కిందికి చూసింది. తన లెక్క తప్పయితే? ముందు రెండు లెక్కలూ తప్పాయి, అవి వేసినవాళ్ళు తనకంటే పెద్దవాళ్ళు. ఈ మూడోది పోతే అంతా అయిపోయినట్టే. కాళ్ళు వాటంతటవే దిగువకి నడిచాయి. కాయ నిలబడ్డ చోట నేలంతా గాలించింది. ఆకుల కింద పచ్చటి మచ్చ ఉన్న రాయొకటి దొరికింది. పైనుంచి దొర్లుకుంటూ వచ్చి పడ్డ రాయది. అలాంటివి కొండంతా ఉన్నాయి. కాలేజీలో మొదటి ఏడాది చదివే పిల్లకి కూడా ఆ సంగతి తెలుస్తుంది. శ్రీదుర్గకి మాత్రం ఆ పొద్దున తెలియలేదు, తెలుసుకోదలచుకోలేదు. మనిషి భయపడిపోతే చదువుకి వెయ్యి సాకులు దొరుకుతాయి. ఇక్కడ పొరలు విరిగి ఉండొచ్చు, రాగి దగ్గర్లోనే ఉండొచ్చు, ఉండొచ్చు, ఉండొచ్చు అని తనకి తనే చెప్పుకుంటూ పైకెళ్ళి గుంజ పట్టుకుని లాగింది. చిన్నపిల్లాడి పాలపన్నులా సులువుగా ఊడొచ్చింది.

దాన్ని తెచ్చి కాయ నిలబడ్డ చోట పాతింది. మళ్ళీ పైకెళ్ళి, పాత గుంత కనపడకుండా కాలితో మట్టి నెట్టి, మీద ఎండుటాకులు చల్లింది. అది తప్పని అప్పుడు నాకు తెలీలేదు అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందామన్నా ఆ ఎండుటాకులు అడ్డం వచ్చేవి. తెలియనివాళ్ళు ఆకులు చల్లరు.

మిషన్ ఎక్కింది. బోరు దిగింది. రోజూ కడ్డీలు పైకొచ్చాయి. బూడిదరంగు రాయి, మళ్ళీ బూడిదరంగు రాయి, మధ్యలో ఓ తెల్లటి చార, మళ్ళీ బూడిదరంగు రాయి. శ్రీదుర్గ ప్రతి కడ్డీనీ కడిగి ఎండలో తిప్పితిప్పి చూసింది. కొబ్బరికాయని నమ్మి కొండని తవ్వించానని తలుచుకుంటే తనమీద తనకే అసహ్యం వేసేది. వంటపాకలో కొబ్బరి పచ్చడి చేస్తే ముద్ద గొంతు దిగలేదు.

ఉదయభాస్కర్ గారు తిరిగొచ్చిన రోజున ఆయనతోపాటు అదే లాంచీలోంచి చంద్రరావు కూడా దిగాడు. ఈసారి త్రిమూర్తులు లేడు, గోనెసంచి లేదు. మాగాయ జాడీ ఒకటి ఉంది. లాంచీలో ఇద్దరూ కబుర్లాడుకుంటూ వచ్చారు కాబోలు, నవ్వుకుంటూ గట్టెక్కారు. చంద్రరావు కూతుర్ని పక్కకి పిలిచి, "మొన్న నీ పరువు తీశానమ్మా. మీ అమ్మ కూడా గడ్డిపెట్టింది. ఆ మాట చెప్పి పోదామనొచ్చాను," అన్నాడు.

ఉదయభాస్కర్ గారు అప్పటికే కొండెక్కుతున్నారు. ఆయన వెనక తనూ, తన వెనక తండ్రీ ఎక్కారు.

మిషన్ కనపడగానే ఆయన ఆగిపోయారు. మ్యాపు తీసి చూశారు. పైకి చూశారు. మళ్ళీ మ్యాపు చూశారు.

"ఇదేంటిది? ఇక్కడెందుకు వేశారు?"

"గుంజ ఇక్కడే ఉంది సార్," అన్నాడు మేస్త్రి. "గుంజ ఉన్న చోటే కదా వేస్తాం. దిగాల్సినంతా దిగింది. ఏం లేదు."

"ఈ గుంజ ఇక్కడికెలా వచ్చింది?" ఆ మనిషి గొంతు అంత పెద్దగా లేవడం అంతకుముందు ఎవరూ వినలేదు. "శ్రీదుర్గా! ఎలా వచ్చింది?"

చంద్రరావు చుట్టూ చూశాడు. తుప్పలు చూశాడు, చెట్లు చూశాడు. చోటు గుర్తుపట్టాడు. శ్రీదుర్గ ఆయన మొహంలోకే చూస్తోంది కాబట్టి ఆమెకి స్పష్టంగా కనపడింది. ముందు ఆ మొహం వెలిగింది. నా మాట నమ్మింది నా కూతురు! అన్న సంతోషం అది, ఒక్క క్షణం, పండగలాగా. వెంటనే మేస్త్రి అన్న మాట తలకెక్కినట్టుంది, ఆ వెలుగు ఆరిపోయింది.

"చెప్పమ్మా!" అన్నారు ఉదయభాస్కర్ గారు.

నేనే మార్చాను అనడానికే శ్రీదుర్గ నోరు తెరిచింది. వచ్చింది వేరే మాట.

"నాకు తెలీదు సార్. గుంజ ఉన్న చోటే కదా అని నేను మళ్ళీ కొలవలేదు. మీరు వెళ్ళిన రోజు... మా నాన్నగారు వాళ్ళు ఇక్కడ తిరిగారు."

అంతే అంది. నాన్న పీకాడనలేదు. త్రిమూర్తులు పాతాడనలేదు. అనకుండానే అంతా అనేసింది.

చంద్రరావు కూతురి వైపు చూడలేదు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు. కలెక్టరొచ్చినా కుర్చీ వేయించుకుని పక్కన కూర్చునే మనిషి.

"ఆయ్, మేమేనండి. మేమే పీకి ఇక్కడ పాతామండి. అమ్మాయికి తెలీదండి. బుద్ధి గడ్డితిన్నదండి. క్షమించాలండి."

ఉదయభాస్కర్ గారు మ్యాపు మడిచేసి పక్కకి తిరిగిపోయారు. మేస్త్రి మాత్రం ఊరుకోలేదు. "పెద్దమనుషులు చేసే పనేనా అండీ ఇది? ఇన్నాళ్ళ మా కష్టం బూడిదలో పోశారు," అని కేకలేశాడు. మిషన్ కుర్రాళ్ళు తలోమాటా అన్నారు. చంద్రరావు ప్రతి మాటకీ "ఆయ్, తప్పేనండి" అంటూ నిలబడ్డాడు. శ్రీదుర్గ పక్కనే నిలబడి విన్నది. ఒక్కరికీ అడ్డం చెప్పలేదు.

రేవు దాకా తనే దింపింది. లాంచీ ఎక్కేముందు చంద్రరావే అన్నాడు.

"ఏం పర్లేదమ్మా. నాకేమన్నా ఉద్యోగమా, ఊడిపోవడానికి? నువ్వు వేళకి తిను."

లాంచీ మలుపు తిరిగేదాకా శ్రీదుర్గ నిలబడే ఉంది. ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. బయటపడ్డాననిపించింది. అలా అనిపించినందుకు ఆ తర్వాత పడ్డ సిగ్గు ముందు, అబద్ధం చెప్పినందుకు పడ్డ సిగ్గు ఏపాటిదీ కాదు.

కథ అక్కడితో ఆగిపోయి, క్యాంపు ఎత్తేసి, ఉద్యోగం ఊడి ఇంటికి పోయి ఉంటే శ్రీదుర్గకి కొంతలో కొంత నయమయ్యేది. అలా జరగలేదు. ఉదయభాస్కర్ గారు హైదరాబాదుకి రాశారు, మూడో బోరు వెయ్యాల్సిన చోట పడలేదు, బయటివాళ్ళు గుంజ మార్చేశారు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకుండా అసలు చోట వెయ్యడానికి ఇంకో అవకాశం ఇవ్వాలని. "మీ నాన్నగారి పుణ్యమా అని మంచి కారణం దొరికిందమ్మా, లేకపోతే అడగడానికి నాకు మొహం ఉండేది కాదు," అని శ్రీదుర్గతో అన్నారు కూడా. అవకాశం ఇచ్చారు. ఎండుటాకులు తీసి, అదే గుంతలో గుంజ పాతి, మిషన్ ఎక్కించారు.

బోరు దిగిన కొన్నాళ్ళకి కడ్డీల రంగు మారింది. బూడిదరంగు రాయి మధ్య పసుపుపచ్చగా తళతళా మెరిసే ఖనిజం, ముందు చుక్కలుగా, తర్వాత చారలుగా, ఆ తర్వాత కడ్డీకి కడ్డీయే. రాగి! మేస్త్రి విజిలేశాడు. తేనెలపాడు జనమంతా చూడ్డానికొచ్చారు. ఉదయభాస్కర్ గారు కడ్డీని చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని, "ఇది శ్రీదుర్గ బోరు," అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీదుర్గ ఏడ్చింది. ఆనందబాష్పాలన్నారు.

దాంతోపాటే ఇంకోటీ పుట్టింది. మంచి జోకు. కూతురికి సాయం చెయ్యబోయి కొబ్బరికాయతో గుంజ మార్చేసిన నాన్న కథ. క్యాంపు నుంచి హైదరాబాదు ఆఫీసుకి, అక్కణ్ణించి విశాఖపట్నంలో ఆమె చదివిన డిపార్టుమెంటుకి పాకింది. ఎవరు కొత్తగా పరిచయమైనా, "ఓహో, ఆ కొబ్బరికాయ నాన్నగారి అమ్మాయి మీరేనా!" అనేవారు. శ్రీదుర్గ నవ్వేది. నవ్వకపోతే బాగోదు కదా. నవ్విన ప్రతిసారీ లోపల ఎక్కడో ఏదో పుండు రేగేది.

వానాకాలంలో సెలవు మీద ఇంటికెళ్ళింది. ఊరి మొదట్లో బస్సు దిగేసరికి త్రిమూర్తులు ఎదురుగా వస్తున్నాడు. ఆమెని చూసి, తలపాగా సర్దుకునే నెపంతో మొహం తిప్పుకుని, పక్క పొలంగట్టు మీదికి దిగిపోయాడు. అతను గుంజని ముట్టుకోలేదన్న సంగతి ఈ లోకంలో అతనికి తెలుసు, చంద్రరావుకి తెలుసు, తనకి తెలుసు. ఇద్దరం కలిసే మార్చామని ఒప్పుకో అని చంద్రరావు అతని కాళ్ళూ గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఒప్పుకున్నాడు గానీ, ఆ రోజు నుంచీ వాళ్ళ గుమ్మం తొక్కడం మానేశాడు. అతను రావడం మానేశాడని మాత్రమే సత్యకుమారికి తెలుసు, అసలు కారణం తెలియదు.

"నీ బతుకు బుగ్గిపాలు చెయ్యబోయాడే మీ నాన్న," అంది సత్యకుమారి అన్నం వడ్డిస్తూ, మొగుడు వినేలా. "మీరు నోరు తెరవకండి. గుంజ పీకేటప్పుడు ఆ చేతులు పడిపోలేదా?"

"పడిపోవాల్సిందేలే," అన్నాడు చంద్రరావు, మజ్జిగ పోసుకుంటూ.

శ్రీదుర్గ అన్నం ముందు కూర్చుని చెబుదామనుకుంది. మజ్జిగ అయ్యాక చెబుదామనుకుంది. చెయ్యి కడుక్కున్నాక చెబుదామనుకుంది. సెలవు అయిపోయింది.

శీతాకాలంలో కంపెనీ డైరెక్టరుగారు రాగి పడ్డ చోటు చూడ్డానికొచ్చారు. కొండ చూసి, కడ్డీలు చూసి, తిరిగొస్తూ పట్టిసీమ దగ్గర గోదారి ఒడ్డున షామియానా వేయించి అందరికీ భోజనాలు పెట్టించారు. సిబ్బంది కుటుంబాలనీ పిలిచారు. ముఖ్యంగా కొబ్బరికాయ నాన్నగారిని తప్పకుండా తీసుకురమ్మన్నారు. శ్రీదుర్గకి పూలదండ వేసి, షీల్డు ఇచ్చి, ఇకనుంచి హైదరాబాదులో పెద్ద పోస్టు అని చెప్పారు. తర్వాత మైకు తీసి చంద్రరావు చేతికిచ్చి, "మీ కథ మీ నోటితో వినాలని ఉందండీ," అన్నారు.

చంద్రరావు లేచాడు. ఇస్త్రీ పంచె కట్టుకున్నాడు. కండువా చంకలో పెట్టుకుని మొదలుపెట్టాడు. ఎంత బాగా చెప్పాడని! త్రిమూర్తులు కళ్ళు మూసుకోవడం, కాయ లేచి నిలబడ్డం, తాను అటూ ఇటూ చూసి గుంజ మీద పడడం. "అబ్బో, మా అమ్మాయి ఏం గట్టిగా పాతిందండీ! పీకబోతే నాకు నడుం పట్టేసిందండి. త్రిమూర్తులు నన్ను పట్టుకుని, నేను గుంజని పట్టుకుని, ఇద్దరం కలిసి లాగితే వెనక్కి పడ్డామండి!" షామియానా అంతా పగలబడి నవ్వింది. డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఉదయభాస్కర్ గారూ నవ్వారు, ఈసారి అరటిపండు అవసరం లేకుండానే.

శ్రీదుర్గ మాత్రం వింటోంది. చేతికి తేలిగ్గా ఊడొచ్చిన గుంజ తనకి తెలుసు. ఆయన చెప్పేదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. ఎన్ని చోట్ల, ఎంతమంది ముందు, ఎన్నిసార్లు చెప్పి ఉంటే కథకి ఇంత నునుపు వచ్చి ఉంటుంది! ఊళ్ళో లేచి నిలబడే మనుషులు ఇప్పుడు ఆయన్ని చూసి కూర్చునే నవ్వుతున్నారేమో. తన కోసం ఈ మనిషి విదూషకుడైపోయాడు, దాన్ని కూడా పనిలాగా శ్రద్ధగా చేస్తున్నాడు. శ్రీదుర్గకి ఇక కూర్చోబుద్ధి కాలేదు. మెడలో దండతోనే లేచింది.

"నాన్నా, చాలు. ఆపు." డైరెక్టరుగారి వైపు తిరిగింది. "సార్, అది నిజం కాదు. మా నాన్నగారు గుంజ ముట్టుకోలేదు. త్రిమూర్తులుగారూ ముట్టుకోలేదు. మార్చింది నేను. భయమేసి నేనే మార్చాను. అందరి ముందూ అబద్ధం చెప్పి ఆయన మీదికి నెట్టాను."

శ్రీదుర్గ పోనీ, పోతే పోనీ, ఉద్యోగం పోనీ అనుకుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకుంది.

డైరెక్టరుగారు మెల్లిగా తల ఊపారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూశారా," అన్నారు అందరి వైపూ తిరిగి. "తండ్రిని నవ్వులపాలు చేస్తుంటే చూడలేక తప్పు తన మీద వేసుకుంటోంది. కూతురంటే ఇలా ఉండాలి!"

"లేదు సార్, నిజంగానే..." అంది శ్రీదుర్గ. ఆ మాట చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. తండ్రి వైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. చంద్రరావు కూడా ఆమె వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆయ్, అదంతేనండి. చిన్నప్పట్నుంచీ ఇంతేనండి. తప్పు నేను చేస్తే దెబ్బలు తను తింటానంటదండి."

చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి. శ్రీదుర్గ కుర్చీలో కూలబడి తల దించుకుంది. ఎంత వినయమో అనుకున్నారు అందరూ.